మన బండికి రోగమేంటో మనకు తెలియకూడదా?

పోయిన ఏడాది జూలైలో ఒక రోజు తెల్లవారుజామున 3 గంటలకు 48 క్రేట్ల టమాటా ఎత్తుకొని మదనపల్లె మార్కెట్‌కు బయలుదేరాం. ఊరు దాటి మిట్ట ఎక్కేసరికి బండి గుంజడం మానేసింది. ఎంత తొక్కినా 25, 30 కిలోమీటర్లకు మించి కదలదు. డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటొకటి అప్పటికే వారం నుంచి వెలుగుతోంది. ఇప్పుడు దాని పక్కన ఇంజిన్ బొమ్మ లైటు కూడా చేరింది. 14 కిలోమీటర్ల దారికి గంటకు పైగా పట్టింది. మేం మండీ చేరేసరికి మంచి ధర పలికిన వేలం అయిపోయింది. మిగిలిన వ్యాపారులు ఎంతకు అడిగితే అంతకు ఇచ్చేసి వచ్చాం. టమాటా పండించే వాళ్లకు ఆ సంగతి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ పికప్ నా ఒక్కడిది కాదు. నాలుగు కుటుంబాలం కలిసి అప్పు చేసి 2021లో కొన్నాం. బాడుగ బండ్లకు పోసే డబ్బుతో కంతులు కట్టుకోవచ్చని లెక్క వేసుకున్నాం. వారంటీ అయిపోయి అప్పటికి 5 నెలలు.

కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోతే కంప్యూటర్ తగిలించి, పొగ ఫిల్టర్ మూసుకుపోయిందన్నారు. దాన్ని కాల్చి శుభ్రం చేశామని 4,500 రూపాయలు తీసుకున్నారు. 12 రోజులకు మళ్లీ అదే లైటు. రెండోసారి పోతే, ఇక లాభం లేదు, ఫిల్టరే మార్చాలి, కూలీతో కలిపి 94 వేలు అవుతుందన్నారు. ఎందుకు మూసుకుపోతోందని అడిగితే, మీరు బండి సరిగా నడపడం లేదని జవాబు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పొలం నుంచి ఊరికి, ఊరి నుంచి మార్కెట్‌కు నడపడానికి కాకపోతే రైతు పికప్ ఎందుకు కొంటాడు?

అసలు ఈ ఫిల్టర్ ఏమిటో ముందు చెప్తాను. మన సంఘంలో డీజిల్ కార్లు, పికప్‌లు ఉన్నవాళ్లలో చాలామందికి తమ బండి కింద అదొకటి ఉందని కూడా తెలియదు. నాకూ తెలియదు.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. అప్పటి నుంచి అమ్మిన డీజిల్ కార్లకు, పికప్‌లకు సైలెన్సర్ దారిలో ఒక డబ్బా ఉంటుంది. దాన్ని డీపీఎఫ్ అంటారు. లోపల తేనెతుట్టె మాదిరి సన్నటి గొట్టాలున్న పింగాణీ దిమ్మ. ఒక గొట్టానికి ముందు మూత ఉంటే పక్క గొట్టానికి వెనక మూత. పొగ గోడల్లోంచి దూరి బయటికి పోవాలి, మసి లోపలే ఆగిపోవాలి. ఆగిన మసి నిండేకొద్దీ బండి తనంతట తానే దాన్ని కాల్చుకుంటుంది. రోడ్డు మీద నిలకడగా వేగంగా పోతున్నప్పుడు కొంత మసి ఆ వేడికే కాలిపోతుంది. అది చాలనప్పుడు ఇంజిన్ కంప్యూటర్ మామూలుకంటే ఎక్కువ డీజిల్ చిమ్మి, ఫిల్టర్ దగ్గర వేడిని 600 డిగ్రీల దరిదాపులకు తెచ్చి మసిని బూడిద చేస్తుంది. దీన్నే రీజెనరేషన్ అంటారు. మామూలుగా 10 నుంచి 20 నిమిషాల పని. ఆ టైములో ఆగి ఉన్న బండి కూడా కొంచెం గట్టిగా తిరుగుతుంది, ఫ్యాన్ ఆగకుండా మోగుతుంది, వేడి వాసన వస్తుంది. మనకు తెలియక, అదేదో చెడిందనుకొని తాళం తిప్పి ఆపేస్తాం. రెండు మూడు సార్లు అలా సగంలో ఆపితే మసి పేరుకుపోతుంది. కాలకుండా మిగిలిన డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి జారి దాన్ని పల్చన చేస్తుంది. ఆయిల్ గేజి తీసి చూస్తే మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది. ఆయిల్ పెరిగిందని సంతోషపడే వాళ్లను నేను చూశాను. అది ఇంజిన్‌కు చేటు.

మళ్లీ మా బండి కథకు వస్తాను. 94 వేలు ఎక్కడ తేవాలని నలుగురం తలలు పట్టుకున్నప్పుడు, మా పాత ట్రాక్టర్ పనులు చేసే భాయ్ దగ్గరకు పోయాను. చిన్న రేకుల షెడ్డు ఆయనది. పదో తరగతి కూడా చదవలేదంటాడు గానీ ఎక్కడెక్కడో తిరిగి ఒక సెకండ్ హ్యాండ్ స్కానర్ సంపాదించుకున్నాడు. చార్జీ ఎంతో చెప్పకముందే ఒకటడిగాడు.

“అన్నా, వేడి చూపించే ముల్లు ఎక్కడిదాకా లేస్తా ఉంది?”

“ఈ మధ్య బాగా కిందనే ఉంటా ఉంది. ఇంజిన్ చల్లగా ఉంది, మంచిదే కదా భాయ్?”

ఆయన నవ్వాడు. నవ్వినందుకు కోపం రాలేదు, సిగ్గేసింది. మా నాయన కాలం నాటి డీజిల్ ఇంజిన్ బావి దగ్గర తడిగుడ్డ కప్పి మరీ చల్లబరిచిన చేతులు ఇవి. చల్లగా ఉంటే మంచిదన్నది మన బుర్రల్లో పడిపోయింది.

భాయ్ ముందు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి స్కానర్‌లో చూశాడు. ఫిల్టర్‌కు ముందు, వెనక ఉండే ఒత్తిడి తేడాను కొలిచే సెన్సార్ ఒకటి ఉంటుంది. ఇంజిన్ తిరగనప్పుడు పొగ లేదు కాబట్టి అది సున్నా చూపించాలి. సున్నా చూపకపోతే సెన్సార్ అబద్ధం చెబుతున్నట్టు. మంచి ఫిల్టర్‌నే మూసుకుపోయిందని కంప్యూటర్‌ను నమ్మిస్తుంది. ఆ సెన్సార్‌కు పోయే రెండు రబ్బరు పైపుల్లో ఒకటి పగిలినా లెక్క తప్పుతుంది. మా బండిలో సున్నానే వచ్చింది, పైపులూ బాగున్నాయి. సెన్సార్ నిజమే చెబుతోందన్నమాట, మసి నిజంగానే నిండింది. మరి ఎందుకు కాలడం లేదు?

నన్ను పక్కన కూర్చోబెట్టుకొని బైపాస్ మీద 10 కిలోమీటర్లు తిప్పాడు. అంత దూరం పోయినా ఇంజిన్ నీళ్ల వేడి 58 డిగ్రీలు దాటలేదు. 85, 90 దగ్గర నిలబడాల్సింది. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనీకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వు తెరుచుకొనే ఇరుక్కుపోయింది. ఇంజిన్ వేడెక్కితే తప్ప కంప్యూటర్ మసిని కాల్చడం మొదలుపెట్టదు. మిట్ట ఎక్కేటప్పుడు ఎప్పుడో కాస్త వేడెక్కి మొదలైనా, అంతలోనే ఊరొచ్చి మేం ఆపేసేవాళ్లం. సర్వీస్ సెంటర్ వాళ్లు ఒకసారి కాల్చి పంపినా 12 రోజుల్లో మళ్లీ నిండింది అందుకే. రేపు 94 వేలు పెట్టి కొత్త ఫిల్టర్ వేసినా అదీ నిండేదే. మళ్లీ నా డ్రైవింగే తప్పయ్యేది.

థర్మోస్టాట్, కొత్త కూలెంట్, పల్చబడిన ఆయిల్ మార్పు, ఫిల్టర్‌ను స్కానర్‌తో బలవంతంగా కాల్చడం, భాయ్ కూలీ, అన్నీ కలిపి 6,400 రూపాయలు. ఏడాది దాటింది, లైటు మళ్లీ వెలగలేదు.

అందరి బండ్లలో థర్మోస్టాటే ఉంటుందని నేను చెప్పడం లేదు. భాయ్ దగ్గర ఆ తర్వాత కూర్చొని చూసిన బండ్లలో ఒకదానికి టర్బో నుంచి వచ్చే గాలి పైపు చీలి పొగ ఎక్కువైంది. ఒకదానికి ఇంజెక్టర్ కారుతోంది. ఒక కారుకు ఈజీఆర్ వాల్వు మసిపట్టి తెరుచుకొని ఉండిపోయింది. మన ఎర్రమట్టి దార్లలో తిరిగే బండికైతే గాలి ఫిల్టర్ దుమ్ముతో బిగుసుకుపోవడం కూడా ఒక కారణమే. గాలి అందకపోతే డీజిల్ సరిగా కాలదు, మసి రెట్టింపవుతుంది. పొగ ఫిల్టర్ మూసుకుపోవడం చాలాసార్లు చివర కనపడే గుర్తు మాత్రమే. కడుపునొప్పికి కారణం చూడకుండా కడుపు కోసేస్తామంటే ఒప్పుకుంటామా?

ఫిల్టర్ నిజంగానే కాలం తీరిపోవడం కూడా ఉంది, దాచను. ఇంజిన్ ఆయిల్‌లోని మందుల వల్ల వచ్చే బూడిద ఎంత వేడికీ కాలదు. లక్ష, లక్షన్నర కిలోమీటర్లు దాటాక అది పేరుకుంటుంది. అప్పుడు ఫిల్టర్ ఊడదీసి కడిగించాలి, లేదా మార్చాలి. అందుకే తక్కువ బూడిద ఇచ్చే ఆయిల్ వాడమని కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. ట్రాక్టర్‌కు తెచ్చిన డబ్బాలో మిగిలింది పికప్‌లో పోయడం మనకు అలవాటు. ఆ పొదుపు ఫిల్టర్ ఆయుష్షు తింటుంది. కల్తీ డీజిల్ సంగతి వేరే చెప్పాలా? బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 10కి మించకూడదు. అంతకుముందు 50 దాకా ఉండేది. కిరోసిన్ కలిపినవాడు మన ఫిల్టర్‌కూ ఎసరు పెడుతున్నాడు.

ఇంకో మాట, దీనికి దగ్గరదే. పెద్ద లారీలకు, కొన్ని కార్లకు డెఫ్ అనే ద్రవం పోస్తారు. అది యూరియానే, శుద్ధమైన నీళ్లలో 32.5 శాతం. అది తెలిసిన మా ఊరి కుర్రాడొకడు, మన బస్తా యూరియా కలిపి పోస్తే పోలా అన్నాడు. పోదు. మనకిచ్చే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, మలినాలుంటాయి. అది పోస్తే లక్షల రూపాయల సామాను పాడవుతుంది. పైగా పంటకిచ్చిన సబ్సిడీ యూరియాను వేరే పనికి మళ్లించడం నేరం.

ఇప్పుడు అసలు విషయం. మన సంఘంలోనే దీని మీద రెండు వాదనలున్నాయి. పోయిన సమావేశంలో ఒక పెద్దాయన, ఈ ఫిల్టర్లన్నీ రైతు నెత్తిన పెట్టిన బరువు, పీకి పారేద్దాం, వద్దని ఉద్యమం చేద్దాం అన్నాడు. పట్నంలో 20 వేలు తీసుకొని లోపలి దిమ్మ పగలగొట్టి, కంప్యూటర్‌ను ఏమార్చే వాళ్లున్నారు. నా దగ్గరకూ ఒకడు వచ్చాడు. 94 వేలు అన్నరోజు రాత్రి ఆ బేరానికి నేను సగం ఒప్పుకున్నాను కూడా. మా ఇంటామె ఒక్కటే అడిగింది, ఆ పొగ ఎవరు పీలుస్తారని. క్రేట్ల మీద కూర్చొని వచ్చే కూలీ ఆడవాళ్లు, బడి దగ్గర రోడ్డు పక్కన నిలబడే పిల్లలు. డీజిల్ మసి ఊపిరితిత్తుల్లోకి దిగి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా సంస్థ 2012లోనే తేల్చింది. ఫిల్టర్ పీకితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండిని ఇష్టమొచ్చినట్టు మార్చిన లెక్కలోకి వస్తాం. ఎఫ్‌సీకి పోయినప్పుడో, పొగ పరీక్షలోనో, బండి అమ్ముకునేటప్పుడో దొరుకుతాం. నేను ఆ వాదనకు వ్యతిరేకం. ఫిల్టర్ ఉండాల్సిందే.

కానీ ఫిల్టర్ పేరు చెప్పి మన బండి తాళంచెవి కంపెనీ జేబులో ఉండిపోవడానికి కూడా నేను అంతే వ్యతిరేకం. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. వెయ్యి రూపాయల పరికరం తెచ్చి ఫోన్‌కు కలుపుకున్నా కొన్ని కోడ్‌లు కనపడతాయి. పీ2463 వస్తే మసి ఎక్కువైందని, పీ2453 వస్తే ఒత్తిడి సెన్సార్ లెక్క తేడాగా ఉందని, పీ2002 వస్తే ఫిల్టర్ సరిగా వడకట్టడం లేదని. అక్కడిదాకా అందరికీ తెరిచే ఉంది. మసి ఎన్ని గ్రాములుందో చూడాలన్నా, కాల్చమని ఆజ్ఞ ఇవ్వాలన్నా చాలా బండ్లలో కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. భాయ్ స్కానర్‌లో మా బండి మోడల్ ఉండబట్టి సరిపోయింది. పక్క ఊరి రైతు బండికి లేకపోయింది. ఆయన 80 కిలోమీటర్లు తోలుకుపోయాడు.

ఇది కొత్త గొడవ కాదు. విడిభాగాలు, రోగం కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనీయడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. వాటిని బయటి వాళ్లకు కూడా అందుబాటులో పెట్టాలని చెప్పింది. కంపెనీలు కోర్టులకెక్కాయి. మన షెడ్డు దాకా ఆ తీర్పు రాలేదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అందులో మొదటి వరుసలో చేర్చిన నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి, వాహనాలు ఒకటి. అదే డిసెంబర్‌లో ఒక పోర్టల్ కూడా ప్రారంభించారు. పోర్టల్‌లో ఫోన్ నంబర్లు, వారంటీ షరతులు దొరుకుతాయి. కాల్చే ఆజ్ఞ దొరకదు.

అమెరికా రైతులకూ ఇదే పోరాటం. అక్కడి కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కుకు చట్టం చేసింది, 2024 జనవరి 1 నుంచి అమలైంది. రిపేర్లను తన డీలర్ల దగ్గరే బిగించిపెట్టిందని 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వ సంస్థ జాన్ డీర్ కంపెనీ మీద కేసు వేసింది. వందల ఎకరాల ఆసాములకే ఇంత ఇబ్బందైతే, రెండెకరాల టమాటా రైతు సంగతేంటి?

సాఫ్ట్‌వేర్ తెరిస్తే రైతులు ఫిల్టర్లు పీకేస్తారని కంపెనీల వాదన. మా అనుభవం దానికి తిరగేసి ఉంది. రిపేరు 6,400లో అయితే ఎవడూ పీకడు. 94 వేలన్నప్పుడే పీకాలనిపిస్తుంది.

తొందర ఎందుకంటే, తర్వాతి వంతు ట్రాక్టర్లది. 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 నిబంధనలు వచ్చాయి. కంప్యూటర్‌తో నడిచే ఇంజిన్లు అప్పుడే వచ్చేశాయి. మన ఊళ్లలో ఉన్నవి ఎక్కువ 50 లోపువి కాబట్టి ఇంకా మన దాకా రాలేదనిపిస్తోంది. ట్రెమ్-5 వరుసలో ఉంది. యూరప్‌లో అదే మెట్టు ఎక్కిన ట్రాక్టర్లు ఫిల్టర్ లేకుండా రావడం కష్టమైంది. దుక్కి అదునులో ట్రాక్టర్ లైటు వెలిగి ఆగిపోతే, సర్వీస్ సెంటర్ వాళ్లు వచ్చేదాకా వాన ఆగుతుందా? ఆ రోజు రాకముందే మనం అడగాల్సింది ఇది: ఫిల్టర్ పెట్టి అమ్మే ప్రతి బండికీ, ట్రాక్టర్‌కూ కోడ్‌ల అర్థం తెలుగులో ఇవ్వాలి. ఫిల్టర్ కాల్చే ఆజ్ఞ, సెన్సార్ లెక్కలు లైసెన్స్ ఉన్న ఏ మెకానిక్‌కైనా సరసమైన ధరకు ఇవ్వాలి. ఫిల్టర్ మార్చాలని చెప్పే ముందు కారణమేంటో కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఆ మూడోది ఒక్కటి ఉన్నా మా 94 వేల బెదిరింపు ఉండేది కాదు.

సర్వీస్ సెంటర్ పిల్లల మీద నాకు పగలేదు. నెలకు 15 వేల జీతానికి పనిచేస్తూ, కంప్యూటర్ మార్చమన్నదని మారుస్తారు. కారణం వెతకడానికి వాళ్లకు టైమూ ఇవ్వరు.

ఈలోపు బండి ఉన్నవాళ్లు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పసుపు లైటు వెలిగిన రోజునే పట్టించుకోండి. ఇంజిన్ బాగా వేడెక్కాక, ట్యాంకులో కనీసం పావు వంతు డీజిల్ ఉంచుకొని, గేరు ఒకటి తగ్గించి, ఆపకుండా 20 నిమిషాలు పెద్ద రోడ్డు మీద నడిపితే చాలా సార్లు అదే ఆరిపోతుంది. రెండో లైటు వచ్చాక మాత్రం అలా చేయొద్దు, మెకానిక్‌కు చూపించండి. మరీ నిండిపోయిన ఫిల్టర్‌ను బలవంతంగా కాలిస్తే లోపలి దిమ్మ కరిగి పగులుతుంది. కాల్చే సమయంలో బండి కింద వరిగడ్డి, చెరకు ఆకు, ఎండుగడ్డి ఉండకూడదు. కళ్లంలో, వామి పక్కన ఆపి ఉంచితే ఆ వేడికి నిప్పంటుకుంటుంది. ఇది ఇంట్లో బండి నడిపే పిల్లలకు తప్పక చెప్పండి.

మా మండల కమిటీ ఒక ప్రతిపాదన పెడుతోంది. సంఘం తరఫున ఒక మంచి స్కానర్ కొని భాయ్ షెడ్డులో పెట్టాలని, సభ్యులకు 200 రూపాయలకే చూసిపెట్టాలని, పక్క మండలాల నుంచి ఇద్దరు కుర్రాళ్లను ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి పంపాలని. మేం విచారిస్తే స్కానర్ ధర మోడల్‌ను బట్టి 40 వేల నుంచి లక్ష దాకా చెప్పారు. మా నాలుగు కుటుంబాలు 10 వేలు వేస్తున్నాం. వచ్చే నెల సమావేశానికి డీజిల్ బండి ఉన్నవాళ్లు ఆర్‌సీ జిరాక్స్, మీటరులో కిలోమీటర్లు, వాడుతున్న ఆయిల్ డబ్బా పేరు, సర్వీస్ సెంటర్ వాళ్లు రాసిచ్చిన బిల్లులు తీసుకొని రండి. ఏ మోడళ్లు ఎక్కువున్నాయో చూసుకొని దానికి సరిపోయే స్కానర్ తెప్పిద్దాం. బిల్లుల కట్టను మాత్రం వినియోగదారుల శాఖకు పంపే వినతిపత్రానికి జత చేద్దాం.